పటంలో ఉన్న దీవి, నీటిలో లేని దీవి

ఇంటర్నెట్‌లో దొరికే ఏ పటంలోనైనా వెతుకులాట గడిలో రెండు సున్నాలను కామాతో విడదీసి టైపు చేస్తే, ఆ పటం మనల్ని నేరుగా ఆఫ్రికా పశ్చిమ తీరానికి ఆవల ఉన్న గినీ సింధుశాఖలోకి తీసుకుపోతుంది. భూమధ్యరేఖా, సున్నా రేఖాంశమూ ఒకదానినొకటి ఖండించుకునే బిందువు అది. దానికి అన్నిటికంటే దగ్గరి ప్రధాన భూభాగం ఘనా తీరం. అది కూడా ఉత్తరాన దాదాపు 600 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. నీటి లోతు ఇంచుమించు ఐదు కిలోమీటర్లు. కాలు మోపడానికి రాయి కూడా లేని ఈ చోటికి పటాల పనిలో ఉన్నవారు "నల్ ఐలాండ్" అని ముద్దుపేరు పెట్టుకున్నారు. కంప్యూటర్ల లెక్క ప్రకారం చూస్తే అక్కడ దుకాణాలున్నాయి, ఆసుపత్రులున్నాయి, నేరాలు జరిగాయి, లెక్కలేనన్ని ఫొటోలు తీశారు.

పేరు సరదాకి పెట్టిందే అయినా దాని వెనుక ఉన్న చిక్కు సరదా విషయం కాదు. కంప్యూటర్ పరిభాషలో "నల్" అంటే సున్నా అని అర్థం కాదు, ఆ గడిలో ఇంకా ఏ విలువా చేరలేదని అర్థం. జేబులో చిల్లిగవ్వ లేదని తెలియడానికీ, జేబులో ఎంత ఉందో అసలు చూసుకోకపోవడానికీ ఎంత తేడా ఉందో ఈ రెండింటికీ అంత తేడా ఉంది. కెమెరాకు ఉపగ్రహ సంకేతం అందనప్పుడూ, రాసిన చిరునామాను సాఫ్ట్‌వేర్ పోల్చుకోలేనప్పుడూ అక్షాంశ రేఖాంశాల గడులు ఖాళీగా మిగిలిపోవాలి. కానీ ఆ పట్టిక ఒక ప్రోగ్రామ్ నుంచి మరొక ప్రోగ్రామ్‌కు చేతులు మారే దారిలో, ఎక్కడో ఒక మజిలీలో ఆ గడిలో అంకె మాత్రమే ఉండాలన్న నియమం ఎదురవుతుంది. అక్కడి ప్రోగ్రామ్ ఖాళీని చూసి సున్నా వేసుకుని ముందుకు సాగిపోతుంది. సున్నా, సున్నా అన్నది భూగోళం మీద నిజంగా ఉన్న స్థానం, అన్ని విధాలా చెల్లే విలువ. కాబట్టి ఆ తరువాత వచ్చే తనిఖీలు వేటికీ అందులో తప్పు కనిపించదు. "తెలియదు" అన్న మాట "ఇక్కడే" అన్న మాటగా మారిపోయిన క్షణం ఎవరి కంటా పడదు.

ఈ బెడదను పట్టుకోవడానికి పటాల నిపుణులు ముల్లును ముల్లుతోనే తీశారు. నేచురల్ ఎర్త్ అనే ఉచిత పటాల సమాచార సంపుటిలో ఆ బిందువు దగ్గర ఒక్క చదరపు మీటరు విస్తీర్ణం గల దీవిని కావాలనే చేర్చారు. దారి తప్పిన సమాచారమంతా వచ్చి ఆ దీవిలో పడితే ఏరివేయడం సులువవుతుంది. నిజం చెప్పాలంటే ఆ నీళ్లలో మనుషులు పెట్టిన వస్తువు కూడా ఒకటి ఉండేది. అట్లాంటిక్ వాతావరణాన్ని గమనించడానికి అమెరికా, ఫ్రాన్స్, బ్రెజిల్ దేశాలు కలిసి నడిపే పిరాటా అనే బోయాల (నీటి మీద తేలే పరికరాల) వరుసలో 13010 సంఖ్య గల బోయాను సరిగ్గా అక్కడే లంగరు వేసి నిలిపారు. ఆ వరుసలోని బోయాలకు సంగీత రీతుల పేర్లు పెట్టే ఆనవాయితీ ఉంది గనుక దీని పేరు "సోల్". ఊరు లేకపోయినా అక్కడి నుంచి వాతావరణ సమాచారం మాత్రం వెలువడేది.

ఇంతకీ ఆ సున్నా అక్కడే ఎందుకుంది? భూమధ్యరేఖను ప్రకృతి నిర్ణయించింది. సున్నా రేఖాంశాన్ని మాత్రం 1884లో వాషింగ్టన్‌లో సమావేశమైన వివిధ దేశాల ప్రతినిధులు నిర్ణయించారు. లండన్ శివార్లలోని గ్రీనిచ్ వేధశాలలో ఉన్న, ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ ఏర్పాటు చేసిన దూరదర్శిని మీదుగా ఆ గీత పోవాలని వారు తీర్మానించారు. నేడు అక్కడికి వెళ్లినవారు నేలలో పొదిగిన గీతకు అటొక కాలు, ఇటొక కాలు వేసి ఫొటో తీయించుకుంటారు. వారి చేతిలోని ఫోను మాత్రం సున్నా చూపదు. ఫోనులో సున్నా కనిపించాలంటే తూర్పుగా మరో 102 మీటర్లు నడవాలి. ఎయిరీ కాలంలో నిలువు దిశను గురుత్వాకర్షణను బట్టి నిర్ణయించేవారు. ఆ ప్రాంతంలో నేల లోపలి పదార్థం అంతటా ఒకే తీరుగా లేనందున ఆ నిలువు రేఖ భూకేంద్రం వైపు గురి పెట్టక అతి స్వల్పంగా పక్కకు ఒరుగుతుంది. ఉపగ్రహాల లెక్క భూకేంద్రం నుంచి మొదలవుతుంది కనుక దానికి ఆ ఒరుగుడుతో పని లేదు. సున్నా అంతటి గట్టి అంకె కూడా ఎవరు, ఎలా కొలిచారన్న దాని మీద ఆధారపడి ఉండటం ఈ విషయాలను వెతుకుతూ పోయే వారికి ముందుగా తగిలే వింత.

నల్ ఐలాండ్ సముద్రంలో ఉంది గనుక దాని వల్ల ఎవరికీ బాధ లేదు. అదే పొరపాటు నేల మీద పడితే ఏమవుతుందో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో తేలింది. ఇంటర్నెట్‌కు అనుసంధానమైన ప్రతి యంత్రానికీ ఒక ఐపీ చిరునామా ఉంటుంది. ఫలానా ఐపీ చిరునామా ఫలానా ప్రాంతానిదని అంచనా వేసి చెప్పే సంస్థలు ఉన్నాయి. అలాంటి సంస్థ ఒకటి, అమెరికాలోనిదని మాత్రమే తెలిసి అంతకు మించి ఆచూకీ దొరకని చిరునామాలన్నిటికీ దేశం నడిబొడ్డు స్థానాన్ని ఇవ్వాలని అనుకుంది. అసలు మధ్యబిందువు అంకెలు దశాంశాలతో పొడవుగా ఉండడంతో వాటిని సవరించి 38 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం అని గుండ్రంగా రాసుకుంది. ఆ గుండ్రని అంకెలు పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక పొలంలోని ఇంటి ముంగిట్లో పడ్డాయి.

2016లో ఈ సంగతి పత్రికలకెక్కే సమయానికి 60 కోట్లకు పైగా ఐపీ చిరునామాలు ఆ ఒక్క పొలాన్ని చూపుతున్నాయి. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోగొట్టుకున్నవారూ, తప్పిపోయిన పిల్లల కోసం వెతికేవారూ, పోలీసులూ, కేంద్ర దర్యాప్తు అధికారులూ, ఆత్మహత్య చేసుకోబోతున్న మనిషిని కాపాడాలని పరుగెత్తుకొచ్చిన అంబులెన్సులూ ఏళ్ల తరబడి ఆ గుమ్మం తట్టారు. ఆ ఇంట్లోవారికి కారణమేమిటో అంతు చిక్కలేదు. సంస్థ తరువాత ఆ బిందువును ఒక చెరువు నడిమధ్యకు మార్చింది. ఇలాంటి ఇక్కట్లే దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా నగరంలో ఒక కుటుంబానికి కూడా ఎదురయ్యాయి. నగరం మొత్తానికి ప్రతినిధిగా అమెరికా ప్రభుత్వ పటాల విభాగం ఎంచుకున్న బిందువు వారి పెరట్లో ఉందని తేలింది.

ఈ రెండు సందర్భాల్లోనూ అంచనా వేయడాన్ని నేను తప్పుపట్టను. "ఈ యంత్రం అమెరికాలో ఎక్కడో ఉంది" అన్నది నిజమే. దేశమంత వెడల్పున్న ఆ సందేహాన్ని సూది మొనంత బిందువుగా చూపించడంలోనే దోషమంతా ఉంది. పటంలో గుచ్చిన ఎర్ర గుర్తుకు "వేల కిలోమీటర్ల అటూ ఇటూగా" అని చెప్పే నోరు లేదు. చూసేవారు గుర్తు ఎక్కడ పడిందో చూస్తారు గాని, దాని చుట్టూ గీయకుండా వదిలేసిన వలయం ఎంత పెద్దదో ఊహించరు.

కాగితపు పటాల కాలంలో ఈ నోరు కొంతవరకు ఉండేది. బ్రిటిష్ నౌకాదళం అచ్చువేసిన సముద్ర పటాల్లో కొన్ని దీవుల పక్కన "ఈ.డి." అనీ, మరికొన్నింటి పక్కన "పి.డి." అనీ చిన్న అక్షరాలు కనిపిస్తాయి. మొదటిదానికి ఉనికే అనుమానం అనీ, రెండవదానికి ఉన్నది నిజమే గాని స్థానం అనుమానం అనీ అర్థం. దూరాన మేఘపు నీడనో, తేలియాడే మంచుగడ్డనో, పొగమంచునో చూసి నేల అనుకున్న నావికులు ఎందరో ఉన్నారు. నమ్మదగిన గడియారాలు ఓడల్లోకి రాకముందు రేఖాంశం లెక్క తప్పి, తెలిసిన దీవినే మరోచోట కొత్త దీవిగా నమోదు చేసినవారూ ఉన్నారు. పటం గీసేవాడు వాటిని కొట్టివేయడానికి జంకేవాడు, అందుకు తగిన కారణమూ ఉంది. లేని దీవిని చూపితే ఓడ కాస్త చుట్టు తిరిగి పోతుంది. ఉన్న దీవిని చూపకపోతే ఓడ బద్దలవుతుంది. 1875లో బ్రిటిష్ సముద్ర పటాల అధికారి ఫ్రెడరిక్ ఎవాన్స్ ధైర్యం చేసి ఉత్తర పసిఫిక్ పటం నుంచి 123 అనుమానపు దీవులను తీసేశాడు. వాటిలో మూడు నిజంగానే ఉన్నాయని తరువాత తెలిసింది. 120 కలుపు మొక్కలతో పాటు మూడు పైరు మొక్కలు కూడా పోయాయన్నమాట.

అయినా కలుపు పూర్తిగా పోలేదు. ఆస్ట్రేలియాకూ న్యూ కాలెడోనియాకూ నడుమ కోరల్ సముద్రంలో సాండీ ఐలాండ్ అనే దీవిని 1876లో వెలాసిటీ అనే తిమింగలాల వేట నౌక చూసినట్టు నమోదైంది. 1908 నాటి బ్రిటిష్ పటంలో అది చేరింది. ఆ ప్రాంతం మీద అధికారం ఉన్న ఫ్రెంచివారు 1970లలోనే తమ సముద్ర పటాల నుంచి దానిని తొలగించారు. 2000 సంవత్సరంలో అటు వెళ్లిన హామ్ రేడియో ఔత్సాహికులు కూడా అక్కడేమీ లేదని గమనించారు. ఇన్ని జరిగినా ఇంటర్నెట్ పటాల్లో అది సుమారు 24 కిలోమీటర్ల పొడవు, ఐదు కిలోమీటర్ల వెడల్పుతో నిక్షేపంగా ఉండిపోయింది; ఉపగ్రహ చిత్రంలో నేలకు బదులు నల్లటి మచ్చ కనిపించేది. 2012 నవంబరులో సదరన్ సర్వేయర్ అనే ఆస్ట్రేలియా పరిశోధక నౌక ఆ చోటికి వెళ్లింది. సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన మరియా సీటన్ బృందం లోతు కొలుస్తూ పోగా నీరు ఎక్కడా 1,300 మీటర్లకు తగ్గలేదు. మరుసటి ఏడు ఆ శాస్త్రవేత్తలు ఒక విజ్ఞాన పత్రికలో దీవికి పుట్టిన ఏడూ పోయిన ఏడూ వేసి సంస్మరణ వ్యాసం రాశారు. శాస్త్ర పత్రికల్లో ఇంత ముచ్చటైన శీర్షిక నేను మరొకటి చూడలేదు.

ఆ వ్యాసంలో రెండు సంగతులు విలువైనవి. మొదటిది, వేట నౌక బహుశా తేలే రాళ్ల గుంపును చూసి ఉంటుందన్న ఊహ. సముద్రగర్భంలో అగ్నిపర్వతం పేలినప్పుడు గాలి బుడగలతో నిండిన ప్యూమిస్ రాయి పైకి తేలి, కిలోమీటర్ల కొద్దీ చాపలా పరుచుకుని ప్రవాహాలతో కొట్టుకుపోతుంది. దూరం నుంచి చూస్తే ఇసుక తిన్నెలాగే ఉంటుంది. రెండవది ఇక్కడ మనకు మరింత ముఖ్యమైనది. దీవి డిజిటల్ ప్రపంచంలోకి అడుగుపెట్టిన ద్వారం ప్రపంచ తీరరేఖల డేటాబేస్ ఒకటి; అమెరికా సైన్యం కోసం పాత కాగితపు పటాలను కంప్యూటర్‌లోకి ఎక్కించి దానిని తయారు చేశారు. తీరరేఖ అంటే బిందువులను కలుపుతూ పోయే గీత. ఆ గీతకు ఉండటమో లేకపోవడమో తప్ప మూడో స్థితి లేదు. కాగితం మీద అయితే సందేహాన్ని అక్షరాలతోనో చుక్కల గీతతోనో చెప్పుకునే వీలుండేది. గీత ఒక్కటే కంప్యూటర్‌లోకి వెళ్లినప్పుడు ఆ వీలు కాగితం మీదే మిగిలిపోయింది. శాస్త్రవేత్తలు, పటాల కంపెనీలు ఆ డేటాబేస్ నుంచే తీసుకున్నాక, పది చోట్ల కనిపిస్తున్న దీవిని శంకించే అవసరం ఎవరికి కలుగుతుంది? పది మంది చెప్పింది నిజమేననుకుంటాం గాని, పది మందీ ఒకే కాగితం చూసి చెప్పారని తట్టదు.

ఉందనుకున్న చోటు లేకపోతే దేశాలకు కూడా కష్టమే. మెక్సికో సింధుశాఖలో బెర్మెహా అనే దీవిని 16వ శతాబ్దం నుంచి పటాల్లో చూపుతూ వచ్చారు. సముద్ర గర్భంలోని చమురు మీద హక్కులను అమెరికా, మెక్సికోలు పంచుకోవలసి వచ్చినప్పుడు ఆ దీవి ఉంటే మెక్సికో సరిహద్దు మరింత ముందుకు జరిగేది. 2009లో మెక్సికో జాతీయ స్వయంప్రతిపత్త విశ్వవిద్యాలయం నిపుణులు నీటి మీదా గాలిలోనూ గాలించి, అక్కడ దీవి లేదని తేల్చారు. దానిని గూఢచారులు పేల్చివేశారన్న కథ నేటికీ ఇంటర్నెట్‌లో చెలామణి అవుతూనే ఉంది; పాత పటం తప్పు కావచ్చన్న మాట కంటే ఆ కథే మనసుకు రుచిగా ఉంటుందేమో. పశ్చిమాఫ్రికాలో కాంగ్ పర్వతాలది మరో దారి. నైజర్ నది దక్షిణానికి పోదన్న తన వాదనను నిలబెట్టుకోవడానికి బ్రిటిష్ భూగోళవేత్త జేమ్స్ రెన్నెల్ 1798లో ఒక పర్వతశ్రేణిని గీశాడు. ఫ్రెంచి అన్వేషకుడు లూయీ గుస్తావ్ బింజే 1880ల చివరలో అక్కడికి వెళ్లి చూసేదాకా దాదాపు 90 ఏళ్లు అవి పటాల్లో నిలబడ్డాయి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ తెలియక పుట్టినవి. తెలిసి పుట్టించినవి కూడా ఉన్నాయి. పటం తయారు చేయడం ఖర్చుతో కూడిన పని, నకలు కొట్టడం చవకైన పని. రెండు కంపెనీలు ఒకే ఊరిని నిజాయితీగా కొలిస్తే రెండు పటాలూ ఒకేలా వస్తాయి గనుక, పోలికను చూపి దొంగతనాన్ని రుజువు చేయలేరు. అందుకే కొందరు పటాల తయారీదారులు లేని వీధినో, లేని పల్లెనో ఒక మూల దాచిపెట్టేవారు. నిజం ఇద్దరికీ ఒకటే గాని అబద్ధం ఒకరి సొంతం. నిఘంటువుల్లో, విజ్ఞాన సర్వస్వాల్లో, టెలిఫోన్ డైరెక్టరీల్లో కూడా ఈ కిటుకు వాడేవారు.

దొంగ దొరికాడు సరే, శిక్ష పడిందా? అమెరికాలో రూరల్ టెలిఫోన్ అనే కంపెనీ తన డైరెక్టరీలో నాలుగు దొంగ పేర్లు చేర్చగా, ఫైస్ట్ అనే ప్రచురణ సంస్థ వాటితో సహా నకలు చేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. వాస్తవాలు ఎవరి సొత్తూ కావనీ, వాటిని అక్షర క్రమంలో పేర్చడంలో కొత్తదనమేమీ లేదనీ 1991లో కోర్టు ఫైస్ట్ పక్షానే తీర్పు చెప్పింది. నకలు కొట్టినట్టు తేలినా నకలు కొట్టడమే నేరం కాకపోయింది. మరుసటి ఏడాది న్యూయార్క్ వీధి పటాల వివాదంలో కింది కోర్టు ఒకటి ఇంకో మెట్టు ఎక్కింది. వాస్తవమని నమ్మించి చేర్చిన అబద్ధానికి కల్పిత రచనకు ఉండే రక్షణ ఇస్తే, వాస్తవాన్ని నిర్భయంగా వాడుకోగలిగేవారు ఎవరూ మిగలరన్నది దాని తర్కం. బ్రిటన్‌లో ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే మాత్రం తన పటాలను వాడుకున్న ఆటోమొబైల్ అసోసియేషన్ నుంచి 2001లో 2 కోట్ల పౌండ్లు రాబట్టుకుంది. అయితే అందుకు లేని ఊళ్లు కాక, రోడ్ల వెడల్పును చూపే తీరు వంటి శైలి లక్షణాలు తోడ్పడ్డాయని ఆ సంస్థ చెప్పింది.

ఉచ్చులు కాకుండా ఒట్టి చిలిపితనం కోసం చేసినవి కొన్ని ఉన్నాయి. వాటి మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం. 1970ల చివర్లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర రహదారుల పటంలో, పొరుగున ఉన్న ఒహాయో రాష్ట్రం వైపు గోబ్లూ, బీటోసు అనే రెండు ఊళ్లు వెలిశాయి. విడదీసి చదివితే ఒకటి మిషిగన్ విశ్వవిద్యాలయ క్రీడాకారులను ఉత్సాహపరిచే నినాదం, రెండవది ఒహాయో స్టేట్ జట్టును ఓడించమన్న పిలుపు. స్విట్జర్లాండ్ ప్రభుత్వ పటాలు గీతకు గీత కచ్చితమైనవని పేరు. వాటిలోనూ ఐగర్ శిఖరం మీద 1981లో తెల్లటి సాలీడు పాకింది. ఆలెచ్ హిమానీనదం దగ్గర రాతి గుట్టల నీడల్లో 2011లో మార్మట్ అనే పర్వత ఉడుత వచ్చి కూర్చుంది, దానిని ఐదేళ్ల పాటు ఎవరూ పట్టుకోలేదు.

ఇంటర్నెట్ వచ్చాక ఇలాంటి చోట్ల బతుకు మరింత విచిత్రమైంది. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో ఓర్మ్‌స్కర్క్ సమీపాన ఖాళీ పొలాల మీద ఆర్గల్టన్ అనే ఊరు ఇంటర్నెట్ పటంలో కనిపించేది. 2009 నాటికి ఆ ఊరికి వాతావరణ సూచనలు, ఉద్యోగ ప్రకటనలు, అద్దె ఇళ్ల జాబితాలు వరుసగా వెలిశాయి. ఎవరూ కూర్చుని వాటిని కల్పించలేదు. ఊళ్ల పేర్ల జాబితాను తీసుకుని ప్రతి పేరుకూ ఒక పేజీ తయారు చేసే వెబ్‌సైట్లు, చుట్టుపక్కల నిజంగా ఉన్న దుకాణాలను, ఇళ్లను ఆ పేరు కిందికి తెచ్చి పెట్టాయి. 2010లో పటం నుంచి పేరు మాయమైంది.

ఆగ్లో కథ మాత్రం ఇన్నింటికీ తలకిందులు. 1930లలో జనరల్ డ్రాఫ్టింగ్ అనే పటాల కంపెనీకి అధిపతి అయిన ఒట్టో జి. లిండ్‌బర్గ్, ఆయన సహాయకుడు ఎర్నెస్ట్ ఆల్పర్స్ తమ పేర్ల తొలి అక్షరాలను తారుమారు చేసి ఆ పేరు కూర్చారు. న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండల్లో రెండు మట్టి దారులు కలిసే చోట దానిని ఉచ్చుగా అమర్చారు. ఎస్సో పెట్రోలు బంకుల్లో ఇచ్చే పటాల్లో ఆ పేరు అచ్చయింది. కొన్నేళ్లకు రాండ్ మెక్‌నాలీ కంపెనీ పటంలోనూ ఆగ్లో కనిపించేసరికి దొంగ దొరికాడని అందరూ అనుకున్నారు. తీరా ఆరా తీస్తే అక్కడ ఆగ్లో జనరల్ స్టోర్ అనే దుకాణం ఉంది. దాని యజమాని ఎస్సో పటం చూసి, తన దుకాణం ఉన్న చోటి పేరు అదేననుకుని బోర్డు రాయించుకున్నాడు. పుట్టించినవారు కూడా కాదనలేని విధంగా ఉచ్చు నిజమైపోయింది.

దుకాణం తరువాత మూతపడింది, కానీ పటాల్లో పేరు దశాబ్దాల పాటు నిలిచింది. 2014 మార్చిలో గూగుల్ తన పటం నుంచి దానిని తీసేసింది. అంతకు ముందు నెలలోనే, అమెరికా భూగర్భ సర్వే సంస్థ తన స్థలనామాల డేటాబేస్‌లో ఆగ్లోను కొత్తగా నమోదు చేసింది. పేరు పక్కన కుండలీకరణాల్లో "అధికారికం కాదు" అని రాసి పెట్టింది.